పశువుల పాకకు నేను మోసిన గడ్డి

నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. అంకెలు అంతకు మూడేళ్ల ముందే వచ్చాయి. ఆ అంకెలు ఎట్లా వచ్చాయో చెప్పాలంటే నా తమ్ముడి ఊపిరితిత్తికి పట్టిన బూజు సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే నేను నెత్తిన మోసిన గడ్డిమోపు సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాయడం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మాది పిట్టలవానిపాలెం పక్కన పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు. నేను పెద్దదాన్ని. తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వాణ్ణి చంకనేసుకుని నాట్లకు పోయి, గట్టు మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టి, చేలో దిగేదాన్ని. ఇద్దరిలో ఒకళ్లనే బడికి పంపగలం అన్నప్పుడు వాణ్ణి పంపారు. వాడు బాపట్లలో హాస్టల్లో ఉండి చదివి, పంతులు ట్రైనింగు చేసి, రేపల్లెలో బడిపంతులయ్యాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. పిల్లల పుస్తకాలే కాదు, ఇంటికి శుభలేఖ వచ్చినా దాంట్లో తప్పు కింద గీత గీసేవాడు. మా చర్చి అయ్యగారు అచ్చు వేయించిన పండగ కాగితం మీద మూడు చోట్ల గీసి ఆయన చేతికే ఇచ్చాడు ఒకసారి. అయ్యగారు నవ్వారు గానీ, మళ్లీ ఏడాది నుంచి అచ్చుకు పోయే ముందే వాడికి చూపించేవారు.

నా మొగుడు పెళ్లయిన ఆరేళ్లకు పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటి పల్లెకే తిరిగొచ్చి కూలి చేసుకుంటూ ఉన్నాను.

ఎనభైల చివర తమ్ముడి ముఖం ఉబ్బడం మొదలైంది. పొద్దున లేచేసరికి కళ్లు కనపడేవి కావు. రెండు కిడ్నీలూ ఎండిపోయాయని మద్రాసు ఆసుపత్రిలో చెప్పారు. మరదలి రక్తం కలవలేదు. నాది కలిసింది. అంతకు మించి ఆలోచించిందేమీ లేదు. కిడ్నీ ఇవ్వడం గొప్ప అని చాలామంది అన్నారు. నేను చిన్నప్పుడు వాణ్ణి మోసిన చంక కిందే కోసి తీశారు. పక్కటెముకల కింద కొడవలి వంపు మచ్చ ఇప్పటికీ ఉంది, వాన పట్టే ముందు లాగుద్ది.

ఆపరేషన్ అయిన నెలకు మద్రాసు డాక్టరు నన్నూ మరదల్నీ కూర్చోబెట్టి చెప్పాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు.

"చూడమ్మా, ఒంట్లో కాపలా కుక్క ఒకటుంటుంది. కొత్త మనిషి గడప తొక్కితే కరుస్తుంది. నీ కిడ్నీ నీ తమ్ముడి ఒంట్లో కొత్త మనిషి. అందుకని మందులిచ్చి ఆ కుక్కను కట్టేశాం. ఈ మందులు బతికినన్నాళ్లూ మింగాలి."

"కుక్కను కట్టేస్తే దొంగలు రారా అండి?" అన్నాను.

"వస్తారు. అందుకే జాగర్తగా ఉండమని కాగితం రాసిచ్చాం. తెలుగులోనే ఉంది. పంతులుగారికి ఇచ్చాను."

ఆ కాగితం తమ్ముడు మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. పంతులు చేతికి కాగితం ఇస్తే ఇక దాని గురించి మాకెందుకు అనుకున్నాం మేము. నాకు చదవడం రాదు. మరదలు అయిదో తరగతి, చదవగలదు గానీ మొగుడు చదివింది మళ్లీ తను చదవడం ఏంటని ఊరుకుంది.

మా చర్చిలో క్రిస్మసుకు ఒక మూల పశువుల పాక కడతారు. వెదురుబద్దలు పాతి, పైన గడ్డి కప్పి, లోపల గడ్డి పరిచి, మట్టి బొమ్మలు పెడతారు. పద్నాలుగో ఏటి నుంచీ ఆ పాక కట్టేది మా తమ్ముడే. ఉద్యోగం వచ్చి రేపల్లె పోయినా ఆ పనికి మాత్రం వచ్చేవాడు. దానికి ఆ ఏటి పంట గడ్డే వాడాలని మా వాళ్ల ఆచారం. పాత గడ్డి పనికిరాదు. మద్రాసులో కత్తి కిందికి పోయే ముందు వాడు మొక్కుకున్నాడు, బతికి బయటపడితే ఈసారి పాక పూర్తిగా నా చేతుల్తోనే కడతానని. అయ్యగారు ఆ సంగతి ఆదివారం ఆరాధనలో అందరికీ చెప్పారు. ఇక వెనక్కి పోయేదేముంది?

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. కోసిన పనలు నీళ్లలో నానాయి. గింజ మొలకెత్తుద్దేమోనని రైతులు హడావిడిగా నూర్చి, గడ్డిని తడితడిగానే వాములు వేశారు. నేను పనిచేసే ఆసామి దొడ్లో వామి దగ్గర నిలబడితే లోపలి నుంచి వేడి తగిలేది. చెయ్యి పెడితే అన్నం గిన్నెలో పెట్టినట్టుండేది.

ఆపరేషన్ అయి అయిదు నెలలు. ఆరు నెలలు బరువెత్తొద్దన్నారు నన్ను. నేను ఎప్పుడు విన్నాను గనక. దొడ్లోకి పోయి ఒక మోపు గడ్డి అడిగాను.

ఆసామి మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "ఆ గడ్డి గొడ్లే ముట్టట్లా. నీకెందుకమ్మాయ్?" అన్నాడు.

"దేవుడి పాకకండి."

"మీ దేవుడికి ముక్కిన గడ్డి పెడతావా ఏంటే?"

"మా దేవుడు పుట్టిందే గొడ్ల పాకలోనండి. ఆయనకి రోత లేదు."

ఆసామి పకపకా నవ్వాడు. "నీ నోటికి దణ్ణం. తీస్కపో."

నాకు ఆ మాట అన్నందుకు ఎంత సంతోషమో. దారి పొడుగునా తలుచుకుంటూ నడిచాను. మోపు నెత్తిన పెట్టుకుంటే కుట్టు దగ్గర సూది గుచ్చినట్టు పొడిచింది. మధ్యలో ఒకసారి కాలవగట్టు మీద దించి కూర్చున్నాను. మూడు మైళ్లు ఉంటుంది. తెచ్చి చర్చి ముందు రెండు రోజులు ఎండలో వేశాను. పైపైన ఎండింది. వాసన మాత్రం పోలేదు.

తమ్ముడు రేపల్లె నుంచి వచ్చాడు. ముఖంలో ఉబ్బు లేదు, కళ్లలో వెలుగొచ్చింది. నన్ను చూసి, గడ్డిని చూసి, కొంచెంసేపు నిలబడ్డాడు.

"ఇదంతా నువ్వే మోశావా అక్కా?"

"కాక నీ అత్త మోసిందా?"

లుంగీ ఎగగట్టి లోపలికి పోయాడు. కట్టలు విప్పి, ఒక్కొక్క పిడికెడూ దులిపి పరిచాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో బూడిదరంగు పొగ లేచింది. అందరం దగ్గాం. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వాడు పెట్టుకోలేదు. రెండు చేతులా గడ్డి పట్టుకుని ఉన్నాడు మరి. పాక చాలా బాగా వచ్చింది ఆ ఏడు. బాపట్ల నుంచి కూడా చూడ్డానికి వచ్చారు.

జనవరి దాటేసరికి దగ్గు మొదలైంది. తరవాత జ్వరం. తరవాత ఉమ్మితే గళ్లలో నెత్తుటి జీర. రేపల్లెలో చూసిన డాక్టరు టీబీ అన్నాడు, దానికి మందులిచ్చాడు. ఆయన్ని తప్పుపట్టను. మా వైపు దగ్గు, జ్వరం, నెత్తురు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. మూడు వారాలు ఆ మందులు మింగాడు. తగ్గడానికి బదులు ఊపిరి అందడం మానేసింది. మంచం మీద పడుకోలేక దిళ్లు ఆనించుకుని కూర్చునేవాడు. మళ్లీ మద్రాసు రైలెక్కాం.

అక్కడ ఛాతీకి ఫోటో తీశారు, ముక్కులోంచి గొట్టం దించి లోపలి నీరు తీసి చూశారు. మూడో రోజు నెల్లూరు డాక్టరు వచ్చి ఫంగస్ అన్నాడు.

"ఏంటండి అది?"

"బూజమ్మా. ఊరగాయ మీద తెల్లగా పడుతుందే, ఆ జాతిదే."

"ఊపిరితిత్తిలో ఊరగాయ బూజేంటండి?"

"కాపలా కుక్కను కట్టేశామన్నానే, ఆ దొంగ ఇదే. మనం అందరం రోజూ పీలుస్తూనే ఉంటాం దీన్ని. మనల్ని ఏం చెయ్యదు. ఇతన్ని చేసింది." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంత పట్టిందంటే ఎక్కడో గట్టిగా పీల్చి ఉండాలి. తడిసిన గడ్డి, పేడ, పాత ధాన్యం గోదాము... ఇట్టాంటి చోటికి ఏమన్నా పోయాడా?"

"లేదండి. బడి, ఇల్లు, అంతేనండి," అంది మరదలు.

నేను తమ్ముడి ముఖం చూశాను. వాడు గోడవైపు తిరిగాడు.

"నేను తెచ్చిన గడ్డండి," అన్నాను. "ముక్కిన గడ్డి. గొడ్లు ముట్టని గడ్డి. నేనే తెచ్చి ఇచ్చాను."

మరదలు నన్ను చూసిన చూపు రాయను. ఆమె చెడ్డది కాదు. ఆ రోజంతా నేను పెట్టిన అన్నం మాత్రం తినలేదు. తమ్ముడు గోడవైపే ఉన్నాడు. కోపంతో తిరిగాడనుకున్నాను. మూడేళ్లు అట్లాగే అనుకున్నాను.

మందు ఉందన్నాడు డాక్టరు. నరంలోంచి ఎక్కించాలి, ఆరు వారాలన్నా పడుతుంది. ఎక్కించేటప్పుడు చలిజ్వరం వచ్చి మనిషి ఎగిరెగిరి పడతాడు. అదీ కాదు అసలు సంగతి.

"ఈ మందు బూజును చంపుద్దమ్మా. కిడ్నీని కూడా కొరుకుద్ది. ఎంత కొరుకుద్దో ముందు చెప్పలేను. కుక్కను కాస్త వదలాలి కూడా, లేకపోతే దొంగ పోడు. వదిలితే అది కిడ్నీ మీదికే పోవచ్చు."

"మందు ఇవ్వకపోతే?"

"నెల తిరగదు."

తమ్ముడు అప్పుడు ఇటు తిరిగాడు. "నాకొద్దండి ఆ మందు," అన్నాడు. ఊపిరి అందక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "మా అక్క ఒళ్లు కోసి ఇచ్చింది. దాన్ని పాడుచేసుకోను."

డాక్టరు నావైపు చూశాడు. నాకు తిక్కరేగింది.

"ఒరే, ఇచ్చిన రోజే అది నాది కాకుండా పోయింది. నీ పెళ్లాం పసుపు కుంకాలు తీసేసి నా కిడ్నీని పెట్టెలో పెట్టుకుని పోతావంటరా? అక్కడికి పోయి ఎవరికి చూపిస్తావు? అక్క ఇచ్చింది చూడు ప్రభువా, ఒక్క గీత కూడా పడకుండా తెచ్చాను అంటావా?"

వాడికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక తల ఊపాడు.

రెండు వారాలు మద్రాసులో ఎక్కించి, మిగతాది తెనాలిలో ఎక్కించుకోమని ఉత్తరం రాసిచ్చారు. అక్కడ మంచాలు ఖాళీ లేవు, ఇక్కడైతే రక్తం పరీక్ష చేసేవాళ్లున్నారు, రేపల్లె రైలు కూడా ఉంది. తెనాలి స్టేషనుకు దగ్గర్లో ఒక చిన్న ఆసుపత్రి. డాక్టరు కుర్రవాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, "ఈ మందు నేను పుస్తకంలో చూడ్డమేనండి, చేత్తో ఎక్కించలేదు" అని దాచకుండా చెప్పాడు. ఆ మాట అన్నందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది నాకు.

ఆ మందు పసుపుపచ్చగా ఉంటుంది. వెలుతురు తగలకూడదని సీసాకు నల్లగుడ్డ చుట్టేవాళ్లం. దాన్ని గ్లూకోజు నీళ్లలోనే కలపాలి. ఉప్పునీళ్ల సీసాలో కలిపితే పాలల్లో నిమ్మకాయ పిండినట్టు విరిగిపోతుంది. రెండు సీసాలూ చూడ్డానికి ఒకటే. నాకు రాత తెలియదు. అందుకని నర్సమ్మ గ్లూకోజు సీసా తేగానే డాక్టరుకు చూపించి, దానికి నా పాత రవికె గుడ్డ ముక్క కట్టేదాన్ని. గుడ్డ కట్టని సీసాలో మందు కలపనిచ్చేదాన్ని కాదు. మొదట్లో నర్సమ్మలు విసుక్కున్నారు. వారం తిరిగేసరికి వాళ్లే గుడ్డ ఏదని అడిగేవారు.

సీసా మొదలుపెట్టిన గంటకు వణుకు వచ్చేది. మూడు దుప్పట్లు కప్పి, పైన నేను పడుకున్నట్టుగా ఒత్తి పట్టుకునేదాన్ని. ఇనప మంచం గచ్చు మీద టకటకా కొట్టుకునేది. పళ్లు విరుగుతాయేమోనని నోట్లో గుడ్డ పెట్టేది మరదలు. ఆ గుడ్డ లోంచే వాడు ఏదో అనేవాడు. వంగి వింటే ఎక్కాలు. పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం. వణుకు ఆగేదాకా చెప్పుకుంటూనే ఉండేవాడు.

మందు బుడ్లు చల్లగా ఉండాలి. ఆసుపత్రిలో ఫ్రిజ్ ఉంది గానీ ఎండాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. నేను ఒక వెడల్పు మూతి ఫ్లాస్కు సంపాదించాను. పొద్దున్నే బాపట్ల వైపు నుంచి వచ్చే ప్యాసింజరులో చేపలమ్మే ఆడవాళ్లు దిగేవాళ్లు, గంపల నిండా ఐసు. వాళ్లలో ఒకామె నన్ను దూరం నుంచి చూసే పక్కకు జరిగి గంప దించేది.

"రా వదినా, నీ తమ్ముడెట్టా ఉన్నాడు?"

"వణుకుతున్నాడు."

"ఐసు ఇచ్చేదీ మనమే, వణికించేదీ మనమే. ఇంద, అడుగు నుంచి తీసుకో, పైది కరిగింది. అయినా నీ మందు చేపల వాసన కొట్టుద్దేమో చూసుకో."

"కొట్టనీ. ఆ కంపుకే చచ్చిద్దేమో బూజు."

ఒక్కరోజు కూడా ఐసుకు నా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు ఆమె. ఏ ఊరో కూడా అడగలేదు నేను.

రోజు విడిచి రోజు రక్తం తీసేవాళ్లు. కిడ్నీ ఎట్లా ఉందో చెప్పే అంకె ఒకటి చీటీ మీద రాసిచ్చేవాళ్లు. అది పెరిగితే కిడ్నీ చెడుతున్నట్టు. చీటీ నా చేతికే ఇచ్చేవాళ్లు, నేనేమో దాన్ని పట్టుకుని ఎవరు చదువుతారా అని వరండాలో నిలబడేదాన్ని. ఒకరోజు మరదలు రేపల్లె పోయింది. నర్సమ్మ పనిలో ఉంది. చీటీ చేతిలో పెట్టుకుని గంటసేపు నిలబడ్డాను. నా కిడ్నీ సంగతి, నా తమ్ముడి సంగతి, నా అరచేతిలో ఉంది, నాకు తెలియదు. మర్నాడు మరదలు రాగానే, "నాకు అంకెలు చెప్పు" అన్నాను. అప్పటికి ఆమె నాతో మాట్లాడి వారం పైన అయింది.

ఆమె చీటీ వెనక సున్నా నుంచి తొమ్మిది దాకా రాసింది. "మధ్యలో చుక్క ఉంటుంది వదినా. చుక్కకు ముందుది రూపాయి అనుకో, తరవాతది పైసలనుకో."

అట్లా నేర్చుకున్నాను. ఒకటీ చుక్క నాలుగు నుంచి రెండుకు పోయింది. రెండూ చుక్క ఆరు. మూడు. మూడు వచ్చిన రోజు డాక్టరు సీసా ఆపి, రెండు రోజులు ఆగి, మళ్లీ రోజు విడిచి రోజు మొదలుపెట్టాడు. ముందు ఉప్పునీళ్ల సీసా ఒకటి ఎక్కించి, దాని తరవాత మందు. తమ్ముడు నన్ను అడిగేవాడు, "ఎంతొచ్చింది?" అని. నేను చదివి చెప్పేదాన్ని. తప్పు చదివితే వాడు దిద్దేవాడు. వాడి జీవితంలో నాకు చదువు చెప్పింది అదొక్కటే.

ఆరు వారాలు తొమ్మిదయ్యాయి. మళ్లీ ఫోటో తీస్తే బూజు ఉన్నచోట ఒక మచ్చ మిగిలింది, అంతే. దగ్గు పోయింది. అంకె రెండూ చుక్క ఆరు దగ్గర నిలబడింది. "కిడ్నీ సగం పోయింది, మనిషి మిగిలాడు" అన్నాడు తెనాలి డాక్టరు. మరదలు ఆ రోజు నా కంచంలోంచి ముద్ద తీసుకుని తింది.

తమ్ముడు మళ్లీ బడికి పోయాడు. తరవాత రెండేళ్లకు మా పల్లెలో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టారు. చర్చి వసారాలో సాయంత్రం పూట కూర్చునేవాళ్లం. అంకెలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకు పొగరు. ఎనిమిది నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది.

ఆ ఎండాకాలం రేపల్లె పోయాను. తమ్ముడు పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి పోయాడు, మరదలు రేషనుకు పోయింది. వాడొచ్చేసరికి ఒక పేజీ చదివి వినిపించాలని బైబిలు తీశాను. మధ్యలోంచి ఒక కాగితం జారి పడింది. మడతల దగ్గర చిరిగి ఉంది. పైన మద్రాసు ఆసుపత్రి ముద్ర.

వేలు పెట్టి చదివాను. మందులు ఏ వేళకు మింగాలి. నీళ్లు కాచుకుని తాగాలి. జనంలోకి పోకూడదు. ఆరోది: దుమ్ము, తడిసిన గడ్డి, పేడ, ధాన్యం గోదాముల దగ్గరకు పోకూడదు.

దాని కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. పక్కన టిక్కు కూడా పెట్టాడు.

మళ్లీ చదివాను. తప్పు చదివానేమోనని ఒక్కొక్క అక్షరం విడదీసి చదివాను. తప్పు లేదు. గుమ్మంలో కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, వాడొచ్చేదాకా లేవలేదు.

వాడు సైకిలు స్టాండు వేస్తూనే చూశాడు. నా చేతిలో ఏముందో తెలిసిపోయింది.

"ఎప్పుడు గీశావురా ఇది?"

"మద్రాసులోనే. ఇచ్చిన రోజే."

"అంటే గడ్డి ముట్టుకోకూడదని తెలుసు నీకు."

"తెలుసు."

"తెలిసి ముట్టుకున్నావు."

వాడు మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. పెన్సిలు జేబులోంచి తీసి చేతిలో తిప్పాడు.

"ఏం చెయ్యమంటావక్కా? నీ కుట్టు మానలా. బరువెత్తొద్దన్నారు నిన్ను. మూడు మైళ్లు మోసుకొచ్చి, రెండు రోజులు ఎండబెట్టి, చర్చి ముందు నిలబడ్డావు. నేను కాగితం తీసి, ఇది నాకు పనికిరాదక్కా, పారెయ్ అనాలా? ఒక్కపూటకేం అవుద్దిలే అనుకున్నాను."

"నోరు తెరిచి చెప్తే చచ్చేదాన్నంటరా?"

"చచ్చేదానివి కాదు. తిట్టేదానివి."

"తిట్లకు చచ్చిపోయినవాణ్ణి ఎవణ్ణన్నా చూశావా? బూజుకు పోయేవాడివి." నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను ఇంకా గట్టిగా అరుస్తాను. "చదువుకున్నవాడివని నీ చేతిలో పెట్టాడు కదరా కాగితం! నాకు పెట్టినా బాగుండేది. చదవలేకపోయినా పదిమందిని అడిగేదాన్ని. మద్రాసులో గడ్డి నేను తెచ్చానని చెప్తే నువ్వు గోడవైపు తిరిగావు. నన్ను చూడ్డం ఇష్టంలేక తిరిగావనుకున్నాను. మూడేళ్లు మోశానురా అది. గడ్డిమోపు కన్నా బరువు."

"నిన్ను చూళ్లేక తిరిగాను," అన్నాడు. "నీ తప్పని నువ్వు చెప్తుంటే, నాకూ తెలుసని చెప్పే ధైర్యం లేక."

వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారు. మరదలు రేషను సంచితో వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, లోపలికి పోయి టీ పెట్టింది. ఆమెకు ఆ గీత సంగతి చెప్పమన్నాను వాణ్ణి. చెప్పాడు. అప్పుడు ఆమె ఏడ్చింది, వాడి మీద కాదు, నా భుజం మీద.

మధ్యలో మూడేళ్లూ వాణ్ణి దగ్గరికి రానివ్వకుండా వేరేవాళ్లు గడ్డితోనే కట్టారు. ఆ ఏటి నుంచి మా చర్చిలో పాక తాటాకుతో కడుతున్నారు. ఆచారం మార్చడానికి పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. నేను సంఘం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను, నా తప్పూ వాడి తప్పూ. అయ్యగారు కూడా ఆదివారం మొక్కు సంగతి చాటినందుకు తన తప్పు ఒప్పుకున్నారు. పచ్చి తాటాకు కొట్టి తెచ్చేది నేనే. తమ్ముడు చర్చి బయట కుర్చీ వేసుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఎడమకు జరుపు, కుడికి జరుపు అని పురమాయించేవాడు. కట్టేవాళ్లకు చికాకే. అయినా చెప్పినట్టే చేసేవాళ్లు.

అట్లా మూడు క్రిస్మసులు చేశాడు. సగం కిడ్నీ ఎంతకాలమని లాగుతుంది. నాలుగో ఏడు వానలు మొదలయ్యేసరికి ముఖం మళ్లీ ఉబ్బింది. తెనాలి పోయాం. అదే ఆసుపత్రి, అదే వరండా. డాక్టరు జుట్టు కొంచెం నెరిసింది. రక్తం తీసి, సాయంత్రం చీటీ ఇచ్చారు. ఎప్పటిలాగే నా చేతికే.

తమ్ముడు బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మరదలు మంచినీళ్లకు పోయింది. చీటీ విప్పాను. చుక్కకు ముందు తొమ్మిది ఉంది. నర్సమ్మ కోసం చూడలేదు, డాక్టరు కోసం చూడలేదు. చదవడం నాకు వచ్చు.

"ఎంతొచ్చింది?" అన్నాడు వాడు.

ఒక క్షణం మూడూ చుక్క రెండు అందామనిపించింది. వాడి జేబులో ఎర్ర పెన్సిలు కనపడింది.

"తొమ్మిదీ చుక్క రెండు," అన్నాను.

వాడు చెయ్యి చాపి చీటీ తీసుకున్నాడు. చూసి తల ఊపాడు. "సరిగ్గానే చదివావు," అన్నాడు.